పండగ దాటిన కర్ర

అచ్చియమ్మ బోరింగు కాడ అన్నదట. సవరమ్మ విన్నదట. సవరమ్మ బిందె దించకుండానే వచ్చి అప్పలనర్సమ్మ చెవిలో వేసిందట. అప్పలనర్సమ్మ చెవిలో పడ్డ మాట అక్కడ ఆగదు కనక, పొద్దు వాలేసరికి అది పొయ్యి దగ్గర కూర్చున్న కోడలు రాజకుమారి ముందుకొచ్చి పడింది.

"నీ పిల్లలు రోడ్డు మీద అడుక్కుంటన్నారంట."

రాజకుమారి చోడంబలి కలుపుతోంది. తెడ్డు ఆపలేదు.

"ఎవులన్నారత్తా?"

"ఎవులైతే ఏటి? అచ్చియమ్మంట. మొగుడు పట్నంలో ఒళ్ళు ఒంచుతంటే ఈవిడ గుంటల్ని కార్ల మీదకి తోల్తంది, కోళ్ళని కళ్ళంలోకి తోలినట్టు, అన్నాదంట. నానేటీ అన్లేదు. సవరమ్మ నాకు సెప్పింది, నాను నీకు సెప్పినాను."

"అడుక్కోటం కాదు. కర్ర పెట్టేరు. పండగ కర్ర."

"పండగెప్పుడో అయిపోనాది కదే."

"ఎక్కడైపోనాది? దేవుడి కాడ పెట్టి తెచ్చిన విత్తనం ఇంకా గంపలోనే ఉంది. నేలలో పడిందేటి?"

ఈ మాటలో ఎక్కడో కిటుకుందని అప్పలనర్సమ్మకి తెలుసు. ఎక్కడుందో పట్టుకోడానికి వయసు సహకరించలేదు. "ఏమో తల్లీ, నీ నోటితో నెగ్గలేం," అని చుట్ట వెలిగించుకుంది.

ఆ ఊళ్ళో చైత్రమాసంలో ఇటుకల పండగ చేస్తారు. ఇంటింటి నుంచీ గుప్పెడు విత్తనం శంకుదేవుడి దగ్గరికి వెళ్తుంది. సామలూ చోళ్ళూ కొర్రలూ అన్నీ. పూజారి బుధు వాటిని పూజలో పెట్టి, కలిపి, మళ్ళీ ఇంటింటికీ పంచుతాడు. మొదటి వానకి ఆ విత్తనమే ముందు చల్లుకోవాలి. ఆ పండగ రోజుల్లో మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని కొండెక్కుతారు. ఇప్పుడు కొండ మీద వేటేముంది, ఒక అడవికోడి దొరికితే ఆ ఏటికి వాడే మొనగాడు. ఉత్త చేతులతో దిగినవాడి మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు కుమ్మరిస్తారు, వాడు మొహం తుడుచుకుని నవ్వుతాడు. మగవాళ్ళు కొండ మీదున్నన్నాళ్ళూ కింద దారి ఆడవాళ్ళది. రోడ్డుకి వెదురు కర్ర అడ్డం పెట్టి, పాట అందుకుని, వచ్చిన బండినల్లా ఆపుతారు. ఇచ్చినంత పుచ్చుకుని కర్ర ఎత్తుతారు. జీపులో ఎంత పెద్ద ఆఫీసరున్నా సరే, జేబులో చెయ్యి పెట్టాల్సిందే. ఆ డబ్బుతో ఊరంతా కలిసి వండుకు తింటుంది. దాన్ని అడుక్కోవడమని ఎవరూ అనరు. ఇవ్వకుండా పోయినవాడినే నాలుగు మాటలంటారు.

ఈ ఏడు పండగ అయిపోయింది. కలిసి తిన్నారు. బుధు కర్ర తీసి గుడిపాక వెనక పడేశాడు. ఇదంతా రాజకుమారికి తెలీక కాదు.

రాజకుమారి పొదుపు గురించి ఊళ్ళో నవ్వుకుంటారు. ఒంటిసబ్బుని దారంతో రెండు ముక్కలు కోస్తుంది. అరకు సంతకి అందరూ జీపు మీద వేలాడుతూ పోతే, ఆవిడ చిన్నోణ్ణి వీపుకి కట్టుకుని నడిచి దిగుతుంది, ఉప్పూ ఎండుచేపలూ కొనుక్కుని నడిచి ఎక్కుతుంది. సంతలో పిల్లలు జిలేబీ కొట్టు ముందు ఆగితే, "అది నిన్నటిదిరా, ఈగలు వాలిపోనాయి," అంటుంది. వారం వారం ఆ కొట్లో జిలేబీ నిన్నటిదే. అంగన్‌వాడీలో చిన్నోడికిచ్చిన గుడ్డు ఇంటికొచ్చి ముగ్గురు పిల్లలకీ కూరవుతుంది. పొదుపు సంఘంలో అందరితో పాటు కట్టేది కడుతుంది, అది అందరికీ తెలిసిన పొదుపు. తెలియని పొదుపు చోళ్ళ కుండ అడుగున, పాలపొడి డబ్బాలో ఉంది. కాఫీ పళ్ళు ఏరిన కూలి, చింతపండు అమ్మిన డబ్బు, గుడ్ల డబ్బు, అన్నీ అందులోకే.

ఎందుకంటే ఫల్గుణ కోసం. రాజకుమారి మొగుడు ఫల్గుణ విశాఖపట్నంలో అపార్టుమెంట్ల పనిలో రాడ్లు వంచుతాడు. స్లాబు వేసే ముందు సెలవు లేదు, స్లాబు వేశాక ఇంకో స్లాబు. పోయిన చలికాలం వచ్చినప్పుడు చిన్నోడు స్వామిని ఎత్తుకోబోతే, వాడు నానమ్మ చీరలో మొహం దాచుకుని గుక్కపట్టి ఏడ్చాడు. "మీ అయ్యరా, మీ అయ్యే," అని అప్పలనర్సమ్మ ఎంత చెప్పినా వినలేదు. ఆ పూట ఫల్గుణ అన్నం సగంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

అప్పుడే రాజకుమారి ఆటో మాట ఎత్తింది. అరకులో రైలు దిగిన జనాన్ని జలపాతానికీ గుహలకీ తిప్పే ఆటోలకి ఏడాదిలో సగం రోజులు తీరికుండదు. పాత ఆటో ఒకటి, ముందు కొంత కడితే మిగతాది నెలనెలా కట్టుకోవచ్చు. మనిషి ఇంటి దగ్గరుంటాడు. ఫల్గుణ నవ్వి, "ముందు కట్టేది ఎవులు కడతారు, మీ బాబా?" అన్నాడు. రాజకుమారి నవ్వలేదు. ఆ మర్నాటి నుంచీ సబ్బు రెండు ముక్కలైంది.

పిల్లలకీ చెప్పింది. డబ్బు పోగైతే ఆటో వత్తాది, ఆటో వత్తే అయ్య వత్తాడని. పిల్లలకి చెప్పాల్సిన మాట కాదేమో. కానీ జిలేబీ నిన్నటిదని ఎన్ని వారాలు నమ్మించగలదు?

ఈ పండగకి రమ్మని రాజకుమారి నాలుగు సార్లు ఫోను చేసింది. స్లాబుంది, మేస్త్రీ వదల్డు, అన్నాడు ఫల్గుణ. అందరిళ్ళ మగవాళ్ళూ విల్లంబులు పట్టుకుని కొండెక్కుతుంటే పెద్దది చిట్టి గుమ్మంలో కూర్చుని చూసింది. తర్వాత లేచి, ఆడవాళ్ళతో పాటు రోడ్డు మీదికి పోయింది.

చిట్టి మూడో తరగతి చదువుతోంది. థింసా అడుగు దానికి ఎవరూ నేర్పలేదు, దాని కాళ్ళలోనే ఉంది. కర్ర దగ్గర ఆడవాళ్ళు వరసగా చేతులు పట్టుకుని ఆడుతుంటే ఇది చివర నిలబడి ఆడేది. కార్లలో వాళ్ళు అద్దం దించి దాన్నే చూసేవాళ్ళు. "నీ గుంట వల్ల నోటు పెద్దదవుతందే," అని అచ్చియమ్మే మెచ్చుకుంది అప్పుడు.

బడికి సెలవులిచ్చిన తర్వాత ఒక ఆదివారం సాయంత్రం చిట్టీ, తమ్ముడు ధర్మా ఇంటికొచ్చారు. చిట్టి గౌను ఒడి పట్టుకుని వచ్చింది. ఒడిలో నలిగిన నోట్లూ చిల్లరా.

"ఎక్కడివే?"

"కారోళ్ళిచ్చేరు."

"ఊరికినే ఎందుకిత్తారు?"

"ఊరికినే కాదు. కర్ర పెట్టేము, నాను ఆడేను, ఈడు కర్ర ఎత్తేడు. ఆటోకమ్మా."

రాజకుమారి చెయ్యి లేచింది. చెంప మీదికి వెళ్ళాల్సిన చెయ్యి ఒడిలోకి వెళ్ళింది. ఒక్కొక్క నోటూ మోకాలి మీద పెట్టి సాపు చేసింది. కాఫీ తోటలో ఒక రోజు నడుం వంచితే వచ్చేదానికి అది ఎక్కువే ఉంది.

"రోడ్డంచునే ఉండండి. తమ్ముణ్ణి ఒదలకు," అంది.

వెళ్ళమని చెప్పలేదు. వద్దని కూడా చెప్పలేదు. ఆ రాత్రి పడుకున్నాక విత్తనం మాట తట్టింది ఆవిడకి. పండగ విత్తనం కోసం. విత్తనం చల్లలేదు. కాబట్టి పండగ ఇంకా ఉన్నట్టే. తట్టాక హాయిగా నిద్రపట్టింది.

కర్ర రోజూ పడింది. రోజూ ఒడి నిండలేదు గాని ఖాళీగా రాలేదు.

ఒక మధ్యాహ్నం రాజకుమారి కట్టెల మోపుతో కొండవాలు దిగుతూ పై నుంచి చూసింది. రోడ్డు మలుపులో తెల్ల కారు ఆగి ఉంది. ధర్మ తనకన్నా రెండింతలున్న వెదురు పట్టుకుని నిలబడ్డాడు. చిట్టి ఒక్కతే రోడ్డు మధ్యలో ఆడుతోంది. థింసా ఒక్కరు ఆడేది కాదు. పక్కవాళ్ళ నడుం చుట్టూ చెయ్యి వేసి ఆడేది. చిట్టి చేతులు పట్టుకోడానికి మనిషి లేక గాల్లో అటూ ఇటూ ఊగుతున్నాయి. కారులోంచి ఎవరో ఫోను పట్టుకుని, "ఇటు తిరుగమ్మా, నవ్వు," అంటున్నారు. చిట్టి నవ్వింది. ఇంట్లో ఆవిడ ఎన్నడూ చూడని నవ్వది. పళ్ళున్నాయి, అంతే.

రాజకుమారి మోపు దించేసింది. గబగబా కిందికి దిగబోయింది. కారులోంచి ఒక నోటు బయటికొచ్చింది. ఇంత దూరం నుంచి కూడా అది పది కాదని తెలుస్తోంది. ఆవిడ కాళ్ళు ఆగాయి. మళ్ళీ మోపు నెత్తినెత్తుకుని వేరే దారిన ఇంటికొచ్చింది. ఆ నోటు సాయంత్రం చిట్టి తెచ్చిస్తే, ఎవరిచ్చారని కూడా అడగలేదు.

అదే వారంలో ఇంకోటి జరిగింది. అన్నాలు తిన్నారు, ధర్మ కడుపు నిండా తిన్నాడు. నానమ్మ కంచంలో ఎండుచేప ముక్క మిగిలింది. వాడు నానమ్మ ముందుకెళ్ళి నిలబడి, తల ఒక పక్కకి వాల్చి, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టి, రెండో చెయ్యి చాపి, "ఆకలి సార్," అన్నాడు.

అప్పలనర్సమ్మకి నవ్వాగలేదు. "ఓరి నీ తెలివి తగలెయ్య, సార్నయ్యేన్రా నాను?" అని ముక్క వాడి చేతిలో పెట్టింది. చిట్టి కూడా నవ్వింది. "అలాక్కాదురా, ఇంకా నెమ్మదిగా అనాల," అని సరిదిద్దింది.

"ఎవులు నేర్పినారా మాట?" అంది రాజకుమారి.

"ఎవులూ నేర్పలేదు. అలాగంటే బేగి ఇత్తారు," అన్నాడు ధర్మ చేప నములుతూ.

ఆవిడ వాడి వీపు మీద ఒక్కటేసింది. ఎందుకు కొట్టిందో వాడికి తెలీలేదు, బిక్కమొహం పెట్టాడు. "ఇంకీ వారమే," అంది రాజకుమారి, ఎవరితోనో. "ఈ వారంతో ఆపేద్దారి."

ఆ మాట అన్న మూడో నాటికే అచ్చియమ్మ మాట అత్త నోట ఇంట్లోకొచ్చింది. దాని వెనకే, ఇంకా పొయ్యి ఆరకముందే, ఫోను మోగింది. ఫల్గుణ. మామూలుగా అతను ముందు చిన్నోడేం చేస్తున్నాడని అడుగుతాడు. ఈసారి అడగలేదు.

"చిట్టి ఎక్కడుంది?"

"ఇక్కడే ఉంది. ఏటి?"

"రోడ్డు మీద లేదా?"

రాజకుమారి ఫోను పట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

"మేస్త్రీ ఫోన్లో సూపించేడు. అరకు పాప డాన్సంట. ఎంత మంది సూసేరో కింద రాసుంది. ఆఖర్న నా కొడుకు సెయ్యి సాపుతున్నాడు. 'ఇది మీ వైపే కదరా, నీకు తెలిసినోళ్ళేటి?' అనడిగేడు మేస్త్రీ. ఏటి సెప్పమంటావు?"

"ఆటోకని..."

"ఆటో." అవతల సిమెంటు మిషను చప్పుడు వినిపిస్తోంది. "తెలీదన్నాను. నా పిల్లల్ని పట్టుకుని, ఎవులో నాకు తెలీదన్నాను. అనిపించేవు."

ఫోను పెట్టేశాడు. మర్నాడు మధ్యాహ్నానికి కొండెక్కి వచ్చాడు. స్లాబుకి ముందు వదిలేసి వచ్చినవాడికి మేస్త్రీ నిలవ కూలి ఇవ్వడు, ఆ సంగతి రాజకుమారికి ఎవరూ చెప్పక్కర్లేదు. సంచీ కూడా లేదు చేతిలో. "అయ్యొచ్చేడు," అని చిట్టి ఎదురు పరిగెత్తింది, ధర్మ దాని వెనక. ఫల్గుణ ఎవరినీ ఎత్తుకోలేదు. స్వామి ఏడవడానికి కూడా వ్యవధి దొరకలేదు, అతను గుమ్మంలో నీళ్ళు తాగి తిన్నగా బుధు ఇంటికి పోయాడు.

సాయంత్రం బుధు వాకిట్లో ఊరు కూర్చుంది. పెద్దవాళ్ళు అరుగు మీద, ఆడవాళ్ళు ఒక పక్క. పిల్లల్ని కూడా తెమ్మన్నారు. చిట్టి తండ్రికి ఆనుకుని కూర్చుంది. అందరూ తననే చూస్తున్నారని దానికి తెలుసు, కానీ ఇన్నాళ్ళకి ఆ భుజం దొరికింది, వదల్లేదు.

మొదట అచ్చియమ్మే ఎత్తింది. "నానేటి అనడం లేదు గాని, ఆ డబ్బు ఊరిది. కర్ర ఊరిది కాబట్టి."

"గుడిపాక వెనక కర్ర ముట్టుకోలేదు ఒదినా నా పిల్లలు. వేరే వెదురు కొట్టుకున్నారు," అంది రాజకుమారి.

"వెదురేదైతే ఏటి? పేరు పండగది కాదా?"

"పండగే కదా. విత్తనం సల్లేమేటి మనం? ఇంకా గంపలోనే ఉంది."

ఆడవాళ్ళలో ఒకరిద్దరు మొహాలు చూసుకున్నారు. సవరమ్మ, "అదీ నిజమే," అని గొణిగింది. రాజకుమారికి కాస్త ఊపిరొచ్చింది.

బుధు అంతవరకూ గడ్డం గోక్కుంటూ కూర్చున్నాడు. ముసలివాడు, గొంతు పెంచే అలవాటు లేదు.

"విత్తనం నీకిచ్చింది నాను. పండగ మూసిందీ నానే. నాను మూసిన పండగని నువ్వు తెరిసేవు. సరే, తెరిసేవనుకో. తెరిస్తే నువ్వెళ్ళి కర్ర కాడ నిలబడాల. నీ పక్కన అచ్చియమ్మ, సవరమ్మ, అందరూ నిలబడాల. పిల్లల్నెందుకు నిలబెట్టేవు?"

రాజకుమారి ధర్మని దగ్గరికి లాక్కుంది.

"మనం కర్ర పెడితే బండోడు పండక్కిచ్చేడు ఇన్నాళ్ళూ," అన్నాడు బుధు. "ఇప్పుడు నీ గుంటడు పొట్ట సూపించేడు. అది ఫోన్లలో తిరుగుతంది. వచ్చే ఏడు ఇదే మలుపులో మన ఆడోళ్ళు పాట అందుకుంటే, కారోడు ఏటంటాడు? ఈ అడుక్కునేవోళ్ళు మళ్ళీ వచ్చేరంటాడు. అద్దం దించకుండా చిల్లర ఇసిరేత్తాడు. ఏరుకుంటావా అచ్చియమ్మా?"

మొదటిసారి అచ్చియమ్మ మొహంలో కోపం పోయి భయం లాంటిది కనిపించింది.

కర్ర మీద వచ్చిన డబ్బు దేవుడి దగ్గర పెట్టాలన్నారు. ఎంతని అడిగారు. రాజకుమారికి తెలీదు. నిజంగానే తెలీదు. సాపు చేసిన నోట్లన్నీ పాత నోట్లలో కలిసిపోయాయి.

"అయితే డబ్బా తెమ్మనండి," అన్నారెవరో. డబ్బా ఉందని ఊరికి ఎప్పటి నుంచో తెలిసినట్టే ఉంది.

"అందులో నా కాఫీ కూలుంది," అంది రాజకుమారి. "చింతపండు డబ్బులున్నాయి. ఆ సబ్బు ముక్కలున్నాయి, జీపెక్కని నా కాళ్ళున్నాయి. అవి కూడా ఊరివేనా తాతా?"

బుధు జవాబు చెప్పేలోపు ఫల్గుణ లేచాడు. చిట్టిని పక్కకి జరిపి, ఇంటికి వెళ్ళి, చోళ్ళు దుమ్ముగా అంటుకున్న డబ్బా తెచ్చి బుధు ముందు బోర్లించాడు. భార్య వైపు చూడలేదు.

"అంతా తీసుకో తాతా. నా పేరు మీద ఇది ఒద్దు."

"నీ పేరు మీద ఒక్క రూపాయి లేదందులో," అంది రాజకుమారి.

బుధు నోట్లని లెక్కపెట్టలేదు. రెండు చేతులతో రెండు కుప్పలు చేశాడు, ఒక కుప్పని రాజకుమారి వైపు తోశాడు. చిన్న కుప్పో పెద్ద కుప్పో ఆయన చూసినట్టు లేదు. రాజకుమారి చూసింది. ఆటో ఎంత దూరం పోయిందో ఆవిడకి చూపుతోనే తెలిసింది. ఫల్గుణ నిలవ కూలి కూడా పోయింది కనక ఇంకా దూరం. రేపో ఎల్లుండో అతను మళ్ళీ బస్సెక్కాలి. ఈసారి కొత్త మేస్త్రీని వెతుక్కోవాలి. నోట్లు పమిట చెంగులో మూటకట్టుకుంది.

జనం లేవడానికి సిద్ధమయ్యారు. పంచాయితీ అయిపోయినట్టే. అప్పుడు ఫల్గుణ చిట్టి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఊరందరి ముందూ తండ్రిగా ఒక మాట అనాల్సి ఉంది కదా, అంటాడని అందరూ ఆగారు.

"ఏటే సిట్టీ. మేం కూడు పెట్టలేదా నీకు? గుడ్డ కొనలేదా? రోడ్డు మీద ఎవుడో ముక్కూ మొకం తెలీనోడి ముందు సెయ్యి సాపేవు. ఏటొచ్చిందే నీకు దాని వల్ల?"

చిట్టి తల్లి వైపు చూడలేదు, బుధు వైపు చూడలేదు. భయపడలేదు కూడా. అడిగినదానికి తెలిసిన జవాబు చెప్పినట్టు చెప్పింది.

"అమ్మ రమ్మంటే నువ్వు రాలేదు. నాను అడుక్కుంటే వచ్చేవు."